వజ్రకాంక్రీటు

కాంక్రీటు బలమంతా సిమెంటులోనే ఉన్నదని మనలో చాలామంది నమ్మకం. దాని చరిత్ర తిరగేసిన తరువాత నాకు తోచినది వేరు. కాంక్రీటుకు అసలు శత్రువు దాని లోపలి ఖాళీ. కలిపిన నీటిలో సిమెంటుతో కలవక మిగిలినది ఆవిరైపోతూ సన్నని రంధ్రాలను విడిచి వెళుతుంది. ఆ దారినే తేమ, ఉప్పు లోనికి చేరి ఊచలను తుప్పుపట్టిస్తాయి. మన కోస్తా ఊళ్ళలో పెచ్చులూడి ఊచలు బయటపడ్డ సన్‌షేడ్లను చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఖాళీని పూడ్చే ప్రయత్నంలో పుట్టినదే 'అల్ట్రా హై పెర్ఫార్మెన్స్ కాంక్రీట్'. ఇంత పేరు పలికేలోగా ఊపిరి అయిపోతుంది కనుక, వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పిన వజ్రలేపాన్ని తలచుకొని నేను దీనిని వజ్రకాంక్రీటు అంటున్నాను. (పోలిక పేరు వరకే సుమా! అంతకన్నా మంచి మాట తడితే మిత్రులు చెప్పగలరు.)

1970ల చివర డెన్మార్కులో హాన్స్ హెన్రిక్ బాకే ఈ దారి తొక్కినాడు. బుట్టలో కొబ్బరికాయల సందుల్లో నిమ్మకాయలు, వాటి సందుల్లో ఆవాలు పోసినట్లు, సిమెంటు రేణువుల మధ్య వాటికన్న సుమారు నూరురెట్లు చిన్నదైన సిలికా ధూళిని నింపడం ఆయన పద్ధతి. ఆ ధూళి సిలికాన్ కొలుముల పొగలో దొరికేది. అంత తక్కువ నీటితోనూ ముద్ద జారేందుకు ప్రత్యేక రసాయనం కలిపేవారు. 1990లలో ఫ్రాన్సులో పియెర్ రిషార్, మార్సెల్ షేరెజీ మరింత సాహసించి కంకరనే తీసివేసినారు. మిగిలినవి మెత్తని ఇసుక, పొడులు, సుమారు 13 మిల్లీమీటర్ల పొడవైన సన్నని ఉక్కు తీగముక్కలు. మన ఇళ్ళ కాంక్రీటు 20, 25 మెగాపాస్కళ్ళ ఒత్తిడికి ఓర్చుకుంటే, ఇది 150 నుండి 200 వరకు ఓర్చుకుంటుంది.

1997లో కెనడాలోని షెర్‌బ్రూక్ నగరంలో మాగోగ్ నదిపై దీనితో 60 మీటర్ల కాలినడక వంతెన కట్టినారు. దాని పైపలక మందం 30 మిల్లీమీటర్లు, అంటే అంగుళం పైచిలుకు! మంచు, దానిని కరిగించే ఉప్పు కలిసి వంతెనలను తినివేసే చోటు అది.

ఇక పర్యావరణం మాట. ఘనమీటరు మామూలు కాంక్రీటుకు దాదాపు 350 కిలోల సిమెంటు పడితే, దీనికి 700 నుండి 1000 కిలోలు పడుతుంది. ప్రపంచపు కార్బన్ డయాక్సైడులో ఏడెనిమిది శాతం సిమెంటు పరిశ్రమదేనని లెక్క. పైగా నీరు చాలక ఈ సిమెంటులో చాలాభాగం చర్యే జరపక, ఖరీదైన ఇసుకలాగా పడి ఉంటుంది. అందుకే దానికి బదులు సున్నపురాతి పొడి, కొలిమి చిట్టెం వంటివాటిని కలిపే పరిశోధనలు సాగుతున్నవి. కాని మందం తగ్గించకుండా మామూలు గోడనే దీనితో పోస్తే ఎన్ని పొడులు కలిపినా అది దుబారాయే అని నా అభిప్రాయం.

ఈ విషయంలో స్విట్జర్లాండువారి తీరు నాకు నచ్చినది. జెనీవా సరస్సు ఒడ్డున షియోన్ దగ్గర 1960లలో కట్టిన జంట వారధులు, ఒక్కొక్కటి రెండు కిలోమీటర్లకు పైబడినవి. కంకరకు, సిమెంటులోని క్షారానికి పొసగక వాటి కాంక్రీటు లోలోపల ఉబ్బసాగింది. వాటిని పడగొట్టలేదు. 2014లో ఒకదానిపై, 2015లో రెండవదానిపై, దాదాపు 40 మిల్లీమీటర్ల మందాన వజ్రకాంక్రీటు పొర పరచినారు. నీరు దిగకుండా అడ్డుకునేదీ, పాత పలకకు బలమిచ్చేదీ ఆ పొరే.