రంగు కారిన గళ్ల గుడ్డ

మన పెద్దలు రాయవేలూరు అని పిలిచే వేలూరుకు పడమట, కౌండిన్య నది ఒడ్డున ఉంది గుడియాత్తం. ఈ ఊరి పేరు చెప్పగానే తమిళనాట చాలామందికి లుంగీ గుర్తుకొస్తుంది. ఆ లుంగీకి దగ్గరి చుట్టమైన మద్రాసు గళ్ల గుడ్డ ఒకప్పుడు అమెరికా కాలేజీ కుర్రకారు ముచ్చటపడి తొడిగిన చొక్కా అయింది. పేరు తెచ్చుకుంది, మరుగున పడింది, మళ్లీ లేచింది. ఈ కథలో నేతగాడి వాటా ఎంత అన్నదే మనం ఆలోచించవలసిన విషయం.

ఈ గుడ్డ సముద్రం దాటడం కొత్త కాదు. ఆరవీటి వేంకటపతి రాయల అనుమతితో 1610లో డచ్చివారు పులికాట్‌లో, అంటే మన ప్రళయకావేరిలో, స్థిరపడ్డారు. అక్కడి నుంచి కోరమాండల్ బట్టలు తూర్పు దీవులకు ఓడలెక్కాయి. మలయా భాషలో గళ్ల లుంగీని నేటికీ 'కాయిన్ పెలికాత్' అంటారు. ఆ పెలికాత్ మన పులికాటే. రేవు పేరు గుడ్డకు అంటుకుంది గాని, నేసిన ఊళ్ల పేర్లు అంటుకోలేదు.

ఇక అమెరికా ముచ్చట. చేనేత ఎగుమతుల్లో పనిచేసి, తరువాత లీలా హోటళ్లు స్థాపించిన కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ చెప్పిన ప్రకారం, 1958లో జేకబ్సన్ అనే న్యూయార్క్ వర్తకుడు గజం ఒక డాలరు చొప్పున ఈ గుడ్డ కొన్నాడు. చల్లని నీళ్లలో మెల్లగా ఉతకాలని నాయర్ ముందే చెప్పాడు. ఆ మాట మాత్రం కొన్నవారి దాకా చేరలేదు. బ్రూక్స్ బ్రదర్స్ దుకాణంలో కొన్న చొక్కాలు ఉతకగానే రంగు కారాయి. వర్తకులు లబోదిబోమన్నారు. చివరికి 'సెవెంటీన్' అనే పత్రిక ఆ లోపాన్నే గొప్పగా రాసింది. ఉతికిన ప్రతిసారీ కొత్త రంగు చూపే వింత గుడ్డ అన్నారు. 'బ్లీడింగ్ మద్రాస్' అన్న పేరు స్థిరపడింది.

ఇందులో వింతేమీ లేదని మన అద్దకంవారికి తెలుసు. పటిక పట్టించి చిరువేరుతో వేసిన ఎరుపు గట్టిగా నిలుస్తుంది. పసుపుతో వేసిన రంగు నిలవదు. పడుగులో ఒక రంగు, పేకలో ఇంకో రంగు కలిసినచోట మూడో ఛాయ పుడుతుంది. నీళ్లు తగిలి రంగులు కలిస్తే నాలుగోది పుడుతుంది. ఇంత పనితనం అమెరికా ప్రకటనల్లో మాయగా మారింది.

మోజు కొన్నేళ్లే నిలిచింది. రంగు పోని గుడ్డలు, మరమగ్గాల గుడ్డలు చవకగా వచ్చి పడ్డాయి. 1980లో అమెరికాలో వచ్చిన 'అఫీషియల్ ప్రెపీ హ్యాండ్‌బుక్' కాలేజీల పాత దుస్తుల మీద మళ్లీ మోజు పెంచింది. ఇటీవల కొన్ని చొక్కాల కంపెనీలు రంగు కారే మద్రాసును తాతలనాటి వస్తువుగా మళ్లీ అమ్ముతున్నాయి. 2018లో జారా కంపెనీ అచ్చం లుంగీలా ఉన్న గళ్ల పావడాను సుమారు 70 పౌన్లకు అమ్మకానికి పెడితే, మనవాళ్లు నవ్వుకున్నారు.

నవ్వుకోవలసిందే గాని, అక్కడితో ఆగకూడదు. 1985 నాటి కేంద్ర చట్టం కొన్ని బట్టల్ని చేనేతకే కేటాయించింది. ఆ జాబితాలో లుంగీ కూడా ఉంది. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. అయినా బజారులో గళ్ల లుంగీ చూసి, అది చేమగ్గానిదో మరమగ్గానిదో ఎంతమంది అడుగుతున్నారు? 2006లో వచ్చిన చేనేత ముద్రను ఎంతమంది వెతుకుతున్నారు? కొనేవాడికి పాత జ్ఞాపకం దొరికి, నేసేవాడికి కూలి గిట్టకపోతే అది పునరుద్ధరణ కాదు, పేరుతో చేసే వ్యాపారం మాత్రమే.

మనకు ఇంకో నష్టం కూడా ఉంది. తమిళనాట మగ్గం పట్టినవారిలో సెంగుందర్లతో పాటు తెలుగు మాట్లాడే దేవాంగులు, పద్మశాలీలు ఉన్నారు. పడుగు, పేక, నాడె, అచ్చు, కండె, ఆసు అన్న మాటలు బడిలో నేర్చినవి కావు, మగ్గం గుంట దగ్గర విని నేర్చినవి. తెలుగు బడి లేని వీధిలో కూడా మగ్గం ఉన్నన్నాళ్లు ఆ మాటలు బతుకుతాయి. కొడుకు మగ్గం దిగి వేరే పనికి పోతే, మాట కూడా అతనితోపాటే ఇల్లు దాటిపోతుంది. పోయిన మోజును కంపెనీలు ఇరవై ఏళ్ల తరువాతైనా తిరిగి తేగలవు. పోయిన మాటను తేలేవు.

అందుచేత లుంగీ కొనేటప్పుడు ఏ ఊరి నేత, ఏ మగ్గం అని ఒక్క మాట అడుగుదాం. ఇంట్లో నేత తెలిసిన పెద్దలుంటే, వారి నోటి మగ్గం మాటలు ఒక కాగితం మీద రాసిపెట్టుకుందాం. ఈ రెండూ మన చేతిలో ఉన్న పనులే.