తుమ్మకాయ వగరు - మేక ఆరోగ్యము

వేసవిలో పచ్చిక మాడిపోయినప్పుడు చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో మేకల కాపరి దోటితో తుమ్మకాయలు రాల్చును; రేగు కొమ్మలు వంచి మేపును. ఈ మేతలోని వగరునకు కారణము టానిన్ అను పదార్థము. తోళ్లు పదును చేయుటకు తుమ్మచెక్క పనికివచ్చుట కూడ దీనివలననే. తోలును గట్టిపరచు ఈ పదార్థము మేక కడుపులో ఏమి చేయును?

ముందుగా ఆ కడుపును గూర్చి తెలిసికొనవలెను. 1843లో పారిస్‌లో గ్రూబీ, డెలాఫాన్ అను శాస్త్రజ్ఞులు నెమరువేయు జంతువుల పెద్దపొట్టలో సూక్ష్మప్రాణులను చూచి వర్ణించిరి. ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున అమెరికాలో రాబర్ట్ హంగేట్, గాలి తగులకుండ బాక్టీరియాలను పెంచు పద్ధతితో, పీచును విడగొట్టు వాటిని వేరుచేసి చూపెను. మేకకు మేత వేయుట అనగా మొదట ఈ సూక్ష్మజీవులకు మేత వేయుటయే.

ఆ కాలముననే మేత చరిత్రలో మరొక మార్పు వచ్చినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు సారథ్యము వహించిన లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అను యాంటిబయాటిక్‌ను కనుగొనెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. 1950 ప్రాంతమున అచటి స్టోక్‌స్టాడ్, జ్యూక్స్, ఆ మందు తీయగా మిగిలిన పిప్పిని తిన్న కోడిపిల్లలు త్వరగా పెరుగుట గమనించిరి. నాటినుండి పశువుల మేతలో యాంటిబయాటిక్‌లను కొద్దికొద్దిగా కలుపుట పలు దేశములకు వ్యాపించెను. కాని మందుకు లొంగని బాక్టీరియాలు ప్రబలసాగినవి. 2006 జనవరి 1 నుండి ఐరోపా సమాఖ్య, పెరుగుదల కొరకు వాటిని మేతలో కలుపుటను నిషేధించినది. పరిశోధకుల చూపు ఆకులు, కాయలపై మరింతగా నిలిచినది.

టానిన్ పనిచేయు తీరు ఇది. వేరుసెనగ చెక్కలోని మాంసకృత్తులు పెద్దపొట్టలో త్వరగా విడిపోయి అమ్మోనియాగా మారును. అందు కొంత మూత్రమున వృథాయగును. టానిన్ ఆ మాంసకృత్తులను పట్టి ఉంచును. నాలుగవ అరలోని ఆమ్లము తగులగానే పట్టు సడలును. అవి ప్రేగులో జీర్ణమగును. అంతేకాక, నాలుగవ అరలో చేరి రక్తము పీల్చు హీమాంకస్ పురుగులు పెట్టు గ్రుడ్లు టానిన్ గల మేతతో తగ్గినట్లు పలు ప్రయోగములలో కనబడినది.

మేలు గదా అని మితి మీరరాదు. కొన్ని మొక్కల టానిన్, ఎండుమేత బరువులో నూటికి 2 నుండి 4 పాళ్లున్నప్పుడు మేలు చేయును. అధికమైనచో మేక మేత తగ్గించును, పీచు అరగదు. పైగా టానిన్ గుణము మొక్క మొక్కకు వేరు. కనురెప్ప లోపల పాలిపోయిన మేకకు ఆకు చాలదు, పశువైద్యునికి చూపవలెను.

1955లో ఆంధ్ర రాష్ట్రమున ఏర్పడిన పశువైద్య కళాశాల తిరుపతిలో స్థిరపడినది; 2005లో అక్కడనే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము వెలసినది. ఏ చెట్టు మేకకు ఇష్టమో కాపరికి తరతరాలుగా తెలియును. ఎంత మేపిన మేలో, ఎంత మేపిన కీడో తూచి చెప్పవలసినది శాస్త్రము. ఒకరి అనుభవము మరొకరి కొలతతో కలిసిననాడు మంద బాగుపడును.