ఎర్రమంజిల్ రక్షణోద్యమం: చట్టం, పౌరసమాజం, వారసత్వభావన

వ్యాససంగ్రహం:
హైదరాబాదులోని ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి, ఆ స్థలంలో నూతన శాసనసభ నిర్మించాలని 2019లో ప్రభుత్వం తీసుకొన్న నిర్ణయాన్ని నగరపౌరులు న్యాయస్థానంలో ఎదుర్కొన్నారు. ఒక కులీనుని సొంత నివాసం ప్రజల ఉమ్మడి వారసత్వంగా ఎట్లా మారిందో ఆ ఘట్టం ఆధారంగా పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఎర్రమంజిల్, వారసత్వ కట్టడాలు, హైదరాబాదు, పౌర ఉద్యమాలు, 13వ నిబంధన.

1. ఉపోద్ఘాతం:
ఒక కట్టడానికి నూరేళ్ళు నిండినంత మాత్రాన చట్టరక్షణ లభించదు. ప్రభుత్వం దానిని రక్షిత కట్టడంగా ప్రకటించాలి. చార్మినార్, గోలకొండ వంటివి కేంద్ర పురావస్తుశాఖ సంరక్షణలో ఉన్నాయి. దేవిడీలు, మంజిళ్ళు, పాత ఆసుపత్రులు, కళాశాలల స్థితి వేరు. అవి ఇంకా వాడుకలో ఉన్న కట్టడాలు. కనుక వాటిని కూల్చి కొత్తవి కట్టాలన్న ఆలోచన తరచుగా వస్తుంది. అటువంటి సందర్భంలో మొదట స్పందించవలసినవారు ఆ నగరవాసులే.

2. పేరులో రెండు భాషలు:
నిజాం ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసిన నవాబు ఫక్రుల్ ముల్క్, ఖైరతాబాదు, పంజాగుట్టల నడుమ ఒక గుట్టపై ఈ సౌధాన్ని నిర్మించాడు. దీనిని సాధారణంగా 1870 ప్రాంతపు కట్టడంగా పేర్కొంటారు. యూరోపీయ శైలిలోని ఈ భవనంలో నూటయాభైకి పైగా గదులుండేవని ప్రసిద్ధి. పారసీకంలో ‘ఇరమ్’ అంటే స్వర్గవనం. స్థానికులు ఆ గుట్టను ఎర్రగడ్డ అనేవారు. దర్బారు వ్యవహారంలో ‘ఇరమ్ మంజిల్’గా, జనవ్యవహారంలో ‘ఎర్రమంజిల్’గా పలికేందుకు అనువుగా నవాబు ఆ పేరు ఎంచుకొన్నాడని చెబుతారు. ఈ కథనం వాస్తవమైనా, తరువాతి కల్పన అయినా, జనం ఆ సౌధాన్ని తమ భాషలోకి తెచ్చుకొన్నారన్నది స్పష్టం. నేడు ఆ పేటకూ మెట్రో స్టేషనుకూ అదే పేరు. కాలక్రమంలో భవనం ప్రభుత్వపరమై, ఇంజినీర్ల కార్యాలయంగా ఉపయోగపడింది.

3. జాబితా – రద్దు:
నగరాభివృద్ధి సంస్థ నిబంధనలలో 1995లో చేరిన 13వ నిబంధన హైదరాబాదు వారసత్వ కట్టడాలకు ప్రత్యేక రక్షణ కల్పించింది. ఆ నిబంధన కింద రూపొందిన జాబితాలో ఎర్రమంజిల్ కూడా ఉంది. జాబితాలోని కట్టడాన్ని కూల్చాలన్నా, మార్చాలన్నా ముందస్తు అనుమతి అవసరం. ప్రభుత్వం 2015లో ఈ నిబంధనను తొలగించింది. అదే సంవత్సరం ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని కూల్చాలన్న ప్రతిపాదనపై నగరంలో తీవ్ర వ్యతిరేకత వ్యక్తమయింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. పాత జాబితా రద్దుకూ కొత్త రక్షణకూ నడుమ ఏర్పడిన ఖాళీలో ఎర్రమంజిల్ వంటి కట్టడాలు చిక్కుకొన్నాయి.

4. 2019 ఘట్టం:
2019 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయం తీసుకొంది. అదే నెల 27న శంకుస్థాపన జరిగింది. వారసత్వ పరిరక్షకులు, సామాన్య పౌరులు, నవాబు వంశీయులు వేర్వేరు వ్యాజ్యాలతో ఉన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 13వ నిబంధన రద్దయింది కనుకనూ, కొత్త చట్టం కింద భవనం రక్షిత కట్టడంగా నమోదు కాలేదు కనుకనూ, కూల్చివేతకు అడ్డంకి లేదన్నది ప్రభుత్వ వాదన. నగర ప్రణాళికా చట్టాలు నిర్దేశించిన ప్రక్రియను విస్మరించారని న్యాయస్థానం భావించి, 2019 సెప్టెంబరు 16న మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది.

ఇక్కడ గమనింపదగినది వాదుల కూర్పు. వంశీయులకు అది పూర్వికుల ఇల్లు. మిగిలినవారిలో అత్యధికులకు ఆ ఇంటితో రక్తసంబంధం గానీ, ఆస్తిహక్కు గానీ లేదు. ఒకప్పుడు సామాన్యునికి ప్రవేశం దుర్లభమైన సౌధం కోసం సామాన్యులే వ్యాజ్యమాడారు. సమ్మిళిత సంస్కృతి వారసత్వాన్ని పరిరక్షించటం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది. రెండు భాషల పేరున్న ఈ కట్టడం విషయంలో ఆ మాటకు ప్రత్యేకమైన అర్థం ఉంది.

5. ముగింపు:
• కట్టడాన్ని నిర్మించినవారి హోదా కన్నా, దానిని తమదిగా భావించే ప్రజల చైతన్యమే దాని రక్షణకు ముఖ్యాధారమని ఈ ఘట్టం నిరూపించింది.
• జాబితా లేనిచోట పౌరుల ఫిర్యాదుకు బలమిచ్చేది ప్రణాళికా ప్రక్రియ. కనుక ఆ ప్రక్రియపై అవగాహన అవసరం.
• తీర్పు కూల్చివేతను ఆపగలిగింది. కానీ కప్పు కారకుండా, గోడలు బీటలు వారకుండా చూడటం నిత్యకృత్యం. కూల్చకుండా వదిలేసిన కట్టడం కూడా నిర్లక్ష్యంతో కూలుతుంది. న్యాయస్థానంలో కలిసినవారు ఆ తరువాత కూడా కలిసి ఉన్నప్పుడే పరిరక్షణ సంపూర్ణమవుతుంది.