అన్వయవ్యతిరేకములు: డెల్టాసీమలలో జనచిత్తపరిశోధన

మనుష్యుని తలంపును నడతయు నితరుల సన్నిధిచేతను, సంఘాచారముచేతను ఎట్లు మాఱుచుండునో విచారించు శాస్త్రమునకు సాంఘికమనశ్శాస్త్రమని పేరు. కళాశాలలో నీ శాస్త్రమును చదువు విద్యార్థి మొదట నేర్వవలసినవి సిద్ధాంతములు గావు, పరిశోధనపద్ధతి. ఎవరిని ప్రశ్నింపవలెను, ఎట్లు ప్రశ్నింపవలెను, వచ్చిన యుత్తరమునుండి యెంతవఱకు నిర్ణయింపవచ్చును అను మూడును ఆ పద్ధతికి మూలములు. ఇది కేవలము పాశ్చాత్యవిద్యయని తలచువారు కలరు. శాస్త్రము నూతనమే; కాని దానికి ప్రాణమైన యుక్తి వైయాకరణులకు చిరపరిచితము. కృష్ణాగోదావరీ డెల్టాలలో జనులను ప్రశ్నించి తెలిసికొను విద్య యెట్లు పెరిగినదో చూచినచో నీ సంగతి తేటపడును.

1915లో గిల్బర్టు స్లేటరు మద్రాసు విశ్వవిద్యాలయమున భారతార్థశాస్త్రమునకు ఆచార్యుడుగా వచ్చెను. పుస్తకములలోని యర్థశాస్త్రమునకును ఈ దేశపు పల్లెలకును పొత్తు కుదురమి గని, ఆయన యొక ప్రశ్నావళిని సిద్ధపఱచి, విద్యార్థులను సెలవులలో తమతమ గ్రామములకు పంపెను. భూమి, పంటలు, పశువులు, కూలి, అప్పులు మొదలగువానిని విచారించి వారు తెచ్చిన వృత్తాంతములు 1918లో 'కొన్ని దక్షిణభారతగ్రామములు' అను నర్థముగల యాంగ్లగ్రంథముగా వెలువడెను. అందు వర్ణింపబడిన పల్లెలలో కొవ్వూరు ప్రాంతపు ఊనగట్ల యొకటి. ఆ దినములలో నది కృష్ణాజిల్లాలోనిది. 1925లో జిల్లా విభాగము జరిగినపిమ్మట పశ్చిమగోదావరిలో చేరినది. సుమారిరువదియేండ్లకు పి. జె. థామసు, కె. సి. రామకృష్ణన్ అనువారు ఆ గ్రామములను మరల పరిశీలింపజేసి 1940లో ఫలితములను ప్రకటించిరి. ఒకే యూరిని రెండు కాలములందు ఒకే విధమున ప్రశ్నించుటచే మార్పు కంటికి కనబడినది.

ఊనగట్లవంటి పల్లెలను విద్యార్థులు లెక్కించుచున్న కాలముననే, 1916లో, కలకత్తా విశ్వవిద్యాలయమున మనశ్శాస్త్రశాఖ యేర్పడెను. దానికి మొదటి యధ్యక్షుడైన నరేంద్రనాథ సేనగుప్త 1928లో రాధాకమల ముఖర్జీతో కలసి సాంఘికమనశ్శాస్త్రమునకు ప్రవేశికను రచించెను. ఒకచోట పొలమును పశువును లెక్కించుట, మఱియొకచోట చిత్తమును తూచుట. ఈ రెండు త్రోవలును అప్పటికి కలియలేదు.

కృష్ణాడెల్టాలో మొదటి త్రోవనే యనుసరించినవారిలో ప్రముఖుడు నిడుబ్రోలు వాస్తవ్యుడైన ఆచార్య ఎన్. జి. రంగా. ఆక్సుఫర్డులో నర్థశాస్త్రమును చదివిన యాయన భారతగ్రామముల యార్థికనిర్మాణమును గూర్చి రచించిన గ్రంథముయొక్క తొలిసంపుటము డెల్టాగ్రామములకు సంబంధించినది. అది 1926లో బెజవాడనుండి వెలువడినది. ఆ సంవత్సరముననే ఆంధ్రవిశ్వవిద్యాలయము బెజవాడలో స్థాపితమై, 1930లో వాల్తేరునకు తరలిపోయెను. ఆ విశ్వవిద్యాలయమున 1967లో కోనేరు రామకృష్ణారావు పరామనశ్శాస్త్రముతో గూడిన మనశ్శాస్త్రశాఖను నెలకొల్పెను.

ఇక పద్ధతి విచారము. కృష్ణాడెల్టావారు స్వభావముచేతనే సాహసులు, వ్యవహారదక్షులు అనుమాట యీ సీమలో తఱచుగా వినబడును. ప్రశంస గనుక దానిని పరీక్షింపవలెనని యెవరికిని తోచదు. విజయవాడలోని వ్యాపారులను నూర్గురను ప్రశ్నించి, అందఱును సాహసులేయని తేల్చిన విద్యార్థి దేనిని సాధించినట్లు? అన్వయమును మాత్రమే చూపినాడు, వ్యతిరేకమును చూపలేదు.

మహాభాష్యమున ప్రకృతిప్రత్యయముల యర్థమును విడదీయు విధానమును పండితులెఱుగుదురు. 'వృక్షః' అన్నపుడు ఒక యర్థసమూహము తోచును. 'వృక్షౌ' అన్నపుడు విసర్గ పోయినది, ఔకారము వచ్చినది; ఏకత్వము పోయినది, ద్విత్వము వచ్చినది; అకారాంతమైన వృక్షశబ్దమును, వేళ్లును కొమ్మలును ఆకులును గల వస్తువను నర్థమును నిలిచినవి. పోయినదాని యర్థము పోయినది; నిలిచినదాని యర్థము నిలిచినది. ఒక్క 'వృక్షః' అను రూపమునే వేయిసార్లు వల్లించినను ఈ వివేకము కలుగదు. రెండవరూపము కావలెను, అదియు తక్కినదంతయు సమానమై, ఒక్క యంశముననే భేదించునది కావలెను.

ఈ యుక్తిని డెల్టాకు తగిలింపవచ్చును. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియైనది. ఆవల కాలువలచే గుడివాడ, దివి, బందరు తాలూకాలు మాగాణమైనవి. ఆ జిల్లాలోనే పూర్వపు నందిగామ, తిరువూరు తాలూకాలు మెట్టసీమలు. ఆ వైపునను ఈ వైపునను ఉన్న కులములు, భాష, ఆచారములు చాలవఱకు సమానములు, నీటియందు భేదము. సాహసము స్వభావమైనచో నది మెట్టలోను కానరావలెను. అట్లు గాక కాలువ వెంటనే యున్నదేని, స్వభావమనబడినది నీటిఫలమును, దానివలన మిగిలిన ధనఫలమును అని యూహింపవలసివచ్చును. మఱియు నాగార్జునసాగరపు ఎడమకాలువ నీరు మెట్టపల్లెలలో కొన్నిటికి చేరినది. కావున ఒకే గ్రామముయొక్క పూర్వోత్తరావస్థలును పోల్పదగియున్నవి. విజయవాడ విద్యార్థికి ఒక దినప్రయాణములో లభించు ఉదాహరణప్రత్యుదాహరణము లివి.

ఇట్టి పరీక్ష ఆంధ్రదేశమున జరిగియేయున్నది. హార్వర్డు విశ్వవిద్యాలయాచార్యుడు డేవిడ్ మెక్లెలాండు, కార్యసాధనేచ్ఛ బలముగాగల సంఘములే యార్థికముగ వృద్ధిపొందునని 1961లో ప్రతిపాదించెను. ఆ యిచ్ఛను పెద్దవారియందు శిక్షణచే పెంపవచ్చునా యని పరీక్షించుటకు 1964 ప్రాంతమున కాకినాడ వ్యాపారులను హైదరాబాదులోని చిన్నపరిశ్రమల శిక్షణసంస్థకు రప్పించి కొలది దినములు శిక్షణ యొసగిరి. చిత్రములను చూపి కథలల్లించి, ఆ కథలనుండి యిచ్ఛాబలమును కొలుచుట వారి సాధనములలో నొకటి. కాకినాడ కీడైన రాజమహేంద్రవరమున శిక్షణ లేదు. ఆ పట్టణపు వర్తకులను పోలికకొఱకు నిలిపిరి. అది వ్యతిరేకస్థానము. తరువాత విచారింపగా, శిక్షణపొందినవారు పొందనివారికంటె నూతనవ్యాపారయత్నములందు చుఱుకుగా నుండిరి. ఈ వృత్తాంతమును మెక్లెలాండు, డేవిడ్ వింటరు అను నిరువురు 1969లో గ్రంథరూపమున ప్రకటించిరి.

కొలదిదినముల శిక్షణచే నడత మాఱునేని అది పుట్టుకతో వచ్చిన స్వభావమని చెప్పుట కష్టము. అయినను శంక లేకపోలేదు. శిక్షణకు వచ్చినవారు మొదటినుండియే యుత్సాహవంతులు కావచ్చును. రెండు పట్టణములకును శిక్షణ గాక వేఱు భేదములును ఉండవచ్చును. రెండంశములు ఒక్కసారి మాఱినచోట ఫలము దేనిదో తెలియదు. శంకను దాచక, తన సిద్ధాంతమునకు తానే పూర్వపక్షమును చెప్పుకొనుట యీ విద్యలో నుత్తమశిక్ష.

ఎవరిని ప్రశ్నింపవలెనను విషయమున నింకొక కష్టము కలదు. శబ్దసాధుత్వమునకు శిష్టప్రయోగమే ప్రమాణమన్న భాష్యకారుడు, శిష్టులెవ్వరో మొదట నిరూపించెను. నిరూపింపనిచో ప్రమాణమునకు విలువ లేదు. స్లేటరు విద్యార్థులు స్వగ్రామములను పరిశీలించిరి. ఊరివాడగుటచేత నట్టివానికి యాసయు, బంధుత్వములును, పొలముల పేర్లును తెలియును, ఇది లాభము. కాని భూస్వామి కొడుకు కాగితము పట్టుకొని వాకిట నిలిచి, కూలి చాలుచున్నదా, అప్పెంత యని యడిగినపుడు పాలేరు చెప్పు నుత్తరము ప్రశ్నకుగాదు, ప్రశ్నించువాని ముఖమునకు. దొరగారికి నచ్చునదే నోట వచ్చును. ఆ యుత్తరమును సత్యమని లెక్కించినచో పల్లె సుఖముగా నున్నదని గ్రంథము చెప్పును. పల్లెలో కూలివాని కడుపు వేఱుగా చెప్పును. ప్రశ్నించువాడు మాఱినచో నుత్తరము మాఱునా యని చూచుటయు వ్యతిరేకపరీక్షయే. ఈ పరీక్షను విడిచిన గ్రంథముచే నన్యాయము పొందువాడు నోరులేనివాడే.

నేడు విజయవాడ కళాశాలలనుండి ప్రశ్నావళులను చేతబట్టి బయలుదేరు పిల్లలు గణితసూత్రములను యంత్రములచే క్షణములో సాధింపగలరు. యంత్రము లెక్క చెప్పునుగాని, ఏ రెంటిని పోల్పవలెనో, ఎవరి మాట రాలేదో చెప్పదు. దానిని చెప్పవలసినది గురువు. పాఠశాలలలో శబ్దమును బోధించు పండితులు ప్రతిసూత్రమునకును ప్రత్యుదాహరణము నడుగు నలవాటును బాలురయందు నాటుదురేని, ఆ బాలురు కళాశాలకు పోయి జనులను ప్రశ్నించునపుడు స్తుతిని సత్యముగా భ్రమింపరు.