ఏజెన్సీ పాఠశాలల భోజనంలో బలవర్ధక బియ్యం

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాలలోని కోయ విద్యార్థులకు పాఠశాల భోజనంలో ముఖ్యాహారం అన్నమే. ధాన్యం మర పట్టి పాలిష్ చేసినప్పుడు తవుడుతోపాటు ఇనుము, బి విటమిన్లు అధికభాగం తొలగిపోతాయి. ఇనుము లోపం పిల్లలలో రక్తహీనతకు ప్రధాన కారణాలలో ఒకటి.

ఈ లోటును పూరించేందుకు ప్రభుత్వ పథకాల ద్వారా బలవర్ధక బియ్యం పంపిణీ చేయనున్నట్లు ప్రధానమంత్రి 2021 ఆగస్టు 15న ప్రకటించారు. తొలి దశలో మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీలను చేర్చారు. బియ్యపు పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 జోడించి, యంత్రంపై గింజలుగా ఒత్తి, సాధారణ బియ్యం 100 పాళ్లకు 1 పాలు చొప్పున కలుపుతారు. ఫెర్రిక్ పైరోఫాస్ఫేట్ రూపంలోనైతే కిలో బియ్యంలో 28 నుండి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని 2018 నాటి నిబంధనలు నిర్దేశించాయి.

ఈ గింజల రంగు కొంత భిన్నంగా ఉండటంతో ప్లాస్టిక్ బియ్యమన్న వదంతులు వ్యాపించాయి. వంటవారు వాటిని ఏరి పారవేస్తే చేర్చిన పోషకమంతా వృథాయే. గంజి వార్చినా కొంత నష్టమే.

గిరిజన ప్రాంతాలలో మరింత జాగ్రత్తగా చూడవలసినది సికిల్‌సెల్ వ్యాధి. ఇనుము చేర్చిన ఆహారాన్ని ఈ రోగులు తీసుకోరాదని సంచులపై ముద్రించవలసిన హెచ్చరికను, హానికి ఆధారాలు లేవన్న నిపుణుల నివేదిక దరిమిలా 2024లో తొలగించారు. అయితే ఈ వ్యాధి వలన కలిగే రక్తహీనత బియ్యంతో తగ్గేది కాదు. రక్త పరీక్షతోనే దానిని గుర్తించగలరు. గిరిజన ప్రాంతాలలో 40 ఏళ్లలోపు వారికి ఈ పరీక్షలు జరిపే జాతీయ కార్యక్రమం 2023 జులై 1న ప్రారంభమైంది.