ఇంట్లో ‘సిఫర్’, బడిలో ‘జీరో’: ఈ మాట ఎక్కడిది?

లెక్కల్లో వచ్చే గుండ్రటి అంకెను బడిలో పిల్లలు ‘జీరో’ అంటారు. తెలుగులో అది ‘సున్నా’, ఇంట్లో ఉర్దూలో ‘సిఫర్’. వేరువేరుగా వినిపించినా ఈ మూడింటికీ దగ్గరి సంబంధం ఉంది.

భారతదేశంలో శూన్యం

సంస్కృతంలో ‘శూన్యం’ అంటే ఖాళీ. శూన్యంతో కూడికలు, తీసివేతలు ఎలా చేయాలో 628లో బ్రహ్మగుప్తుడు నియమాలు రాశాడు. ఈ మాటే ప్రాకృతం మీదుగా తెలుగులో ‘సున్న’ అయింది.

అరబీలో సిఫ్ర్

9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అల్-ఖ్వారిజ్మీ భారతీయ అంకెలతో లెక్కలు చేసే పద్ధతిపై పుస్తకం రాశారు. అరబ్బు పండితులు ‘శూన్యం’ అనే మాటను అలాగే తీసుకోలేదు. దాని అర్థం చూసి, తమ భాషలో ‘ఖాళీ’ అని చెప్పే ‘సిఫ్ర్’ను వాడారు. అది అప్పటికే ఉన్న మాట. దుఆ కోసం ఎత్తిన చేతులను అల్లాహ్ ఖాళీగా తిప్పి పంపడని చెప్పే హదీసు అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఉంది. అందులో ‘ఖాళీ’ అనే చోట వచ్చేది ఈ మాటే.

యూరప్‌లో రెండు దారులు

ఇటలీలోని పీసాకు చెందిన ఫిబొనాచీ చిన్నప్పుడు తండ్రితో ఉత్తర ఆఫ్రికాలోని బుజాయా రేవుకు వెళ్లి, అక్కడ ఈ లెక్కలు నేర్చుకున్నాడు. 1202లో లాటిన్‌లో రాసిన పుస్తకంలో ‘సిఫ్ర్’ను ‘జెఫిరమ్’ అన్నాడు. ఇటలీ జనం నోట్లో అది నలిగి నలిగి ‘జీరో’ అయింది. ఫ్రెంచి మీదుగా 1600 ప్రాంతంలో ఇంగ్లీషుకు చేరింది.

రెండో దారిలో ‘సిఫ్ర్’ లాటిన్‌లో ‘సిఫ్రా’గా, ఇంగ్లీషులో ‘సైఫర్’గా మారింది. మొదట దీనికీ సున్నా అనే అర్థం. తర్వాత ఏ అంకెకైనా వాడారు. రహస్య లేఖల్లో అక్షరాలకు బదులు అంకెలు రాయడంతో, సైఫర్ అంటే రహస్య లిపి అనే అర్థం వచ్చింది.

ఒక జాగ్రత్త

మాటలు ఒకేలా వినిపిస్తే చుట్టాలని అనుకోకూడదు. ‘సున్నా’కు, ‘సున్నత్’కు ఏ సంబంధమూ లేదు. ‘సున్నత్’ అరబీలో మార్గం, ఆచారం అనే అర్థమున్న వేరే మాట.

‘సిఫర్’ పాతకాలపు మాట, ‘జీరో’నే అసలు మాట అని పిల్లలు అనుకుంటే వాళ్లకు ఈ సంగతి చెప్పాలి. ‘జీరో’ పుట్టిందే ‘సిఫర్’ నుంచి. ఆ ‘సిఫర్’కు అంకెగా అర్థం ఇచ్చింది మన ‘శూన్యం’.