వినుకొండ జాషువ, కొలంబియా డ్యూయీ

వినుకొండలో 1895వ సంవత్సరమున జన్మించిన గుఱ్ఱం జాషువ, అంటరానివాడను ముద్ర పడినవాని వేదనను ఒక గబ్బిలముచే శివునకు విన్నవింపజేసిన ‘గబ్బిలము’ కావ్యమును 1941లో లోకమున కిచ్చుటకు ఐదేండ్లు ముందు, డాక్టర్ అంబేద్కరు లాహోరు సభకై వ్రాసి, ఆ సభ రద్దగుటచే స్వయముగా ముద్రించిన కులనిర్మూలన ప్రసంగమున, కొలంబియా విశ్వవిద్యాలయమందలి తన గురువగు జాన్ డ్యూయీకి తాను మిక్కిలి ఋణపడితినని చాటెను.

ఆ ఋణ మెట్టిది? సమాజము పూర్వులనుండి సంక్రమించిన సమస్తమును కాపాడవలసిన పనిలేదనియు, మేలైన భవిష్యత్సమాజమునకు తోడ్పడుదానినే ఎన్నుకొని సంతతి కందింపవలెననియు డ్యూయీ 1916 నాటి ‘డెమోక్రసీ అండ్ ఎడ్యుకేషన్’లో చెప్పిన మాటను అంబేద్కరు తన వాదమునకు ఆయువుపట్టుగా గ్రహించెను.

డ్యూయీ రచన సులభముగా లొంగునది కాదు. 37 సంపుటములుగా వెలువడిన ఆయన సమగ్రకృతులలో వాక్యము వాన చూడని నల్లరేగడివలె బిగిసియుండి, తొలిపఠనమున అర్థ మీయదు. ఒక భావము సత్యమా యను ప్రశ్నను ఆయన దాని ఫలితమునందు, అది జీవితమందలి చిక్కును ఎట్లు విడదీయునో యచ్చట పరీక్షించును; శాస్త్రప్రమాణమునకు తలయొగ్గుట కలవడిన చదువరికి ఈ పద్ధతి మొదట రుచింపదు. నాకు మాత్రము, జాషువ పద్యములను ప్రక్కన నుంచుకొని చదివినప్పుడే, ఆచారమును సైతము దాని ఫలమునుబట్టి విచారింపవలెనను ఆ సిద్ధాంతము ప్రాణము పోసికొని నిలిచినది. ఆచారఫలమును అనుభవించినవాని సాక్ష్యము ‘గబ్బిలము’న గాక మఱెచ్చట ఇంత స్పష్టముగా నున్నది?

1952 జూనులో కొలంబియా ఇచ్చు గౌరవపట్టము స్వీకరించుటకు బయలుదేరిన అంబేద్కరు గురుదర్శనమును కోరియుండెను. ఆయన చేరకముందే, ఆ నెల 1వ తేదీన, డ్యూయీ కాలధర్మము నొందెను.